మారుమనువు గురించిన ప్రశ్న

కరోనాలో నేను పాఠాలు చెప్పే ప్రైవేటు బడి మూతపడింది. ఎనిమిదో తరగతికి సోషల్ చెప్పేదాన్ని. బడి మళ్ళీ తెరుచుకోలేదు, నేనూ మళ్ళీ ఇంకో బడి మొహం చూడలేదు. తెలిసినావిడ ఒకామె చేర్పిస్తే సర్వేల పనిలోకి దిగాను. జిల్లాలో నేను ఎక్కని గడప లేదంటే ఎక్కువ చెప్పినట్టవుతుంది గానీ, గుత్తి నుంచి కళ్యాణదుర్గం దాకా ఊరకుక్కలన్నీ నన్ను గుర్తుపడతాయని మా జట్టులో ఒక హాస్యం. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబ్, సంచిలో నీళ్ళ సీసా, మోకాళ్ళకు రాసుకునే మందు. రోజుకు ఆరు ఇళ్ళు, ఇంటికి ముప్పావు గంట.

సబ్బుల గురించో టీపొడి గురించో అడిగే సర్వేలు సుఖం. మనుషుల అభిప్రాయాలు అడిగేవి ఉంటాయే, అవి ప్రాణం తీస్తాయి. కులం, ఆడపిల్లల చదువు, మొగుడు పెళ్ళాన్ని కొట్టొచ్చా కూడదా, ఇట్లాంటివి. ప్రశ్నలు రాసేవాళ్ళు ఎక్కడో చల్లటి గదుల్లో కూర్చుని రాస్తారు. 'ఈ క్రింది వాక్యంతో మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు' అని ఉంటుంది. నడివేసవిలో మిరపకాయలు ఆరబోసుకుంటున్న మనిషి దగ్గరికి పోయి ఎంతవరకు ఏకీభవిస్తావని అడిగితే, నాకు ఎండదెబ్బ తగిలిందేమోనని నీళ్ళు తెచ్చిస్తాడు. అందుకని మేం దాన్ని మా మాటల్లోకి దించుకుంటాం. ఔనా, కొంచెం ఔనా, కొంచెం కాదా, అసలు కాదా. కొంచెం ఔననేది ఎట్లుంటుందో చూపించమని ఒక ముసలాయన నన్ను నిలదీశాడు. నేను చూపించలేకపోయాను.

జవాబులు మాత్రం ఎప్పుడూ బాగుంటాయి. ఆడపిల్లను చదివించాలా అంటే చదివించాల్సిందే అంటారు. ఆ మాట అంటున్నప్పుడే లోపల్నుంచి గిన్నెలు తోముతున్న చప్పుడు వస్తుంటుంది, బడి వేళ. వేరే కులంవాళ్ళ ఇంట్లో అన్నం తింటారా అని ఒకాయనను అడిగితే, ఈ కాలంలో అవన్నీ ఎవరు చూస్తున్నారని నన్నే కోప్పడ్డాడు. సర్వే అయిపోయాక మజ్జిగ తాగి పొమ్మన్నాడు. చెంబు ఇంట్లోంచి బయటికి రాకముందే, "ఇంతకీ మీరేమోళ్ళమ్మా?" అన్నాడు. చెప్పాను. చెంబు వచ్చింది. ఇంకో కులం పేరు చెప్పి ఉంటే వచ్చేదో లేదో నాకు తెలియదు. ట్యాబ్‌లో ఆయన పేరున 'తింటాను' అనే ఉంది.

వాళ్ళు అబద్ధాలకోర్లని నేననను. గడపలోకి వచ్చిన మనిషికి నాలుగు మంచి మాటలు చెప్పి పంపాలనుకుంటారు, అంతే. పైగా మా వైపు ట్యాబ్ పట్టుకుని ఎవరొచ్చినా పింఛను కోసమో రేషను కార్డు కోసమో వచ్చినట్టే. తప్పు జవాబు చెబితే పేరు కొట్టేస్తారని భయం. పరీక్షలో పిల్లలు నాకు నచ్చేది రాసినట్టు వీళ్ళూ నాకు నచ్చేది చెబుతారు. మొదట్లో కోపమొచ్చేది. తర్వాత కోపానికి కూడా ఓపిక లేకపోయింది. వాళ్ళు చెప్పింది నొక్కుకుంటూ పోయేదాన్ని.

ఆ వేసవిలో వచ్చిన సర్వేలో పద్దెనిమిదో ప్రశ్న ఇది. 'భర్త చనిపోయిన స్త్రీ పునర్వివాహం చేసుకోవడాన్ని మీరు సమర్థిస్తారా?' కింద నాలుగు గడులు, పూర్తిగా సమర్థిస్తాను నుంచి పూర్తిగా వ్యతిరేకిస్తాను దాకా. రాసినవాళ్ళు అదేదో చాలా కొత్త సంగతి అడుగుతున్నామనుకున్నట్టుంది. మా వైపు చాలా కులాల్లో మారుమనువు తాతల కాలం నుంచీ ఉంది. పందిరి వేయరు, మేళం పెట్టరు. నలుగురు పెద్దల ముందు చీర పెట్టి, చీకటి పడ్డాక సద్దు లేకుండా తీసుకుపోతారు. తప్పని ఎవరూ అనుకోరు, గొప్పని కూడా అనుకోరు. కానీ పునర్వివాహమని పుస్తకం మాటలో అడిగేసరికి జనం జాగ్రత్తపడ్డారు. ఒకావిడ 'పూర్తిగా తప్పు' అని గట్టిగా చెప్పింది. సర్వే అయ్యాక మాటల్లో తనదే మారుమనువని తెలిసింది. మరి తప్పన్నావు కదమ్మా అంటే, మాది వేరేలే అంది. అట్లాంటివి చూసీ చూసీ నవ్వు రావడం కూడా మానేసింది.

ఉరవకొండ దాటి, విడపనకల్లు వైపు కర్ణాటకకు ఆనుకుని ఉన్న ఒక పల్లెలో ఆ ఇల్లు. నల్లరేగడి నేల, పప్పుశనగ కోసేసి బీడుగా పడి ఉంది. ఆ రోజుకు నాకది ఐదో ఇల్లు. ఇంట్లో పెద్దవాళ్ళ పేర్లన్నీ ఎక్కిస్తే ఎవరిని అడగాలో ట్యాబే ఒక పేరు తీస్తుంది. మాకు నచ్చినవాళ్ళను అడగడానికి లేదు. ఆ ఇంట్లో ముసలమ్మ, ఆమె కొడుకు, కోడలు, మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసిన కూతురు. ఆ కూతురికి ఆరేళ్ళ ఆడపిల్ల. ట్యాబ్ కూతుర్ని తీసింది. ఆమెకు ఇరవై ఏడేళ్ళు. నాలుగేళ్ళ కిందట మొగుడు బోరు మోటారు దగ్గర కరెంటు కొట్టి పోయాడు.

అన్నదమ్ముల ఇంట్లో ఉన్న ఆడమనిషి ఎట్లుంటుందో అట్లే ఉంది. మొదటి పది ప్రశ్నలకు తల్లి జవాబు చెప్పింది, ఈమె తలాడించింది. ఎంపికైన మనిషినే ఒంటరిగా అడగాలన్నది నియమం. ఆ నియమాన్ని పల్లెల్లో పాటించడం అయ్యే పని కాదు, ఒకరిని అడిగితే వీధంతా చెబుతుంది. ఆ రోజు మాత్రం నాకెందుకో మొండితనం వచ్చింది. పొద్దుటి నుంచీ తల్లులు, అత్తలు, మొగుళ్ళు చెప్పిందే రాసుకున్నాను. ఒక్కరైనా సొంత నోటితో చెబితే వినాలనిపించింది. ముసలమ్మను పక్కకు ఉండమన్నాను. దానికి నాకు తెలీకుండా ఏం మాటలుంటాయని ఆమె మూతి ముడుచుకుంది. మేమిద్దరం ఇంటి వెనక మేకల కొట్టంలోకి పోయి కూర్చున్నాం.

అక్కడ మళ్ళీ హామీ చదివాను. మీరు చెప్పినవి గోప్యంగా ఉంచబడతాయి అని ఉంటుంది. దాన్ని కూడా మా మాటల్లోకి దించాను. నువ్వు చెప్పింది ఎవరికీ తెలీదమ్మా, మీ ఇంట్లోవాళ్ళకు కూడా తెలీదు అన్నాను. ఎన్ని వందల ఇళ్ళలో అన్నానో ఆ మాట. నిజమనే నమ్మేదాన్ని.

పద్దెనిమిదో ప్రశ్న చదివాను. మేకపిల్ల ఒకటి నా సంచి నమలడం మొదలుపెట్టింది. దాన్ని తోసి, మళ్ళీ అడిగాను.

"పాపను తీసుకపోనిస్తే చేసుకోవచ్చక్కా," అంది.

అప్పుడు విషయం చెప్పింది. బళ్ళారి వైపు సంబంధం ఒకటి కుదిరిందట. పెళ్ళాం పోయినవాడు, మంచివాడేనని చెబుతున్నారు. కానీ మారుమనువుకు పోయే ఆడది మొదటి మొగుడి బిడ్డను వాళ్ళ ఇంట్లో వదిలిపెట్టి పోవాలి. ఆ బిడ్డ ఆ వంశానిది, ఈమెది కాదు. కళ్యాణదుర్గం దగ్గరున్న అత్తగారివాళ్ళు అప్పటికే కబురు పంపారు, ఎప్పుడొచ్చి పిల్లను తీసుకుపోవాలో చెప్పమని. ఎప్పటినుంచో ఉన్న పద్ధతి కాబట్టి ఈ ఇంట్లో ఎవరూ దాన్ని మాటాడుకునే సంగతి అనుకోలేదు. ఈమె కూడా నోరెత్తలేదు. నాలుగేళ్ళు అన్న తిండి పెట్టాడు. వదిన ఒక్కరోజు మాట అనలేదు. సంబంధం వెతికి తెచ్చాక నాకిట్లయితేనే కావాలని ఏ మొహం పెట్టుకుని అడిగేదని నన్నే అడిగింది.

ట్యాబ్‌లో నాలుగు గడులున్నాయి. 'పాపను తీసుకపోనిస్తే' అనే గడి లేదు. మూడు దాటింది. నాలుగింటికి బస్సు, అది పోతే మళ్ళీ ఆరున్నరకే. ఇంకో ఇల్లు మిగిలే ఉంది. అట్ల కాదమ్మా, ఔననో కాదనో ఏదో ఒకటి చెప్పు అన్నాను. ఆమె నా వైపు చూసింది. అయితే కాదనే రాసుకో అంది. 'పూర్తిగా వ్యతిరేకిస్తాను' మీద నొక్కాను, తర్వాతి ప్రశ్న వచ్చింది. ఆ తొందర నాదే. దాన్ని ఎండ మీదికీ బస్సు మీదికీ నెట్టి తప్పించుకోలేను.

చివర్లో ఫోన్ నంబరు అడగాలి. ఆమెకు ఫోన్ లేదు. ఇంటి మొత్తానికి ఉన్నది అన్నదే. మా వైపు సగం ఇళ్ళలో అంతే, మనం అడిగేది ఆడవాళ్ళను, రాసుకునే నంబరు మగవాళ్ళది. ఐదేళ్ళుగా అట్లే రాస్తున్నాను. అందులో తప్పుందని ఒక్కరోజు కూడా తోచలేదు.

పది రోజులకు మా సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. గొంతులోనే తెలిసింది కోపంగా ఉన్నాడని. మేం నిజంగా ఇళ్ళకు పోయామా, లేక చెట్టు నీడన కూర్చుని సొంతంగా నింపేశామా అని తేల్చడానికి, కొన్ని ఇళ్ళకు ఆఫీసు నుంచి ఫోన్ చేసి రెండు మూడు ప్రశ్నలు మళ్ళీ అడుగుతారు. ఆ ఇంటికి ఫోన్ పోయింది. అన్న ఎత్తాడు. చెల్లెలు పొలంలో ఉంది, నన్నే అడగండి అన్నాడట. ఆఫీసు నుంచి ఫోన్ చేసిన పిల్లకూ రోజుకు ఇన్ని ఫోన్లని లెక్క ఉంటుంది, అడిగేసింది. మీ ఇంట్లో ఆమె మళ్ళీ పెళ్ళి పూర్తిగా తప్పు అని చెప్పారు, నిజమేనా అని చదివి వినిపించింది. ఆయన ఆశ్చర్యపోయి, అదెట్లా అంటుంది, దానికి మారుమనువు కుదిరింది కదా అన్నాడు. జవాబు కలవలేదు. కాబట్టి నేను దొంగ సర్వే చేశానన్నమాట. మళ్ళీ పోయి ఆ ప్రశ్న సరిగ్గా అడిగి తెమ్మన్నాడు సూపర్‌వైజర్, లేకపోతే ఆ ఊళ్ళో నేను చేసినవన్నీ కొట్టేసి, ఇకముందు నన్ను పిలవనన్నాడు.

ఫోన్ పెట్టేశాక నాకు భయమేసింది. ఉద్యోగం గురించి కాదని చెబితే అబద్ధం, దాని గురించి కూడా. కానీ ఎక్కువ భయం ఆమె గురించే. ఎవరికీ తెలీదని కొట్టంలో కూర్చుని చెప్పింది నేనే.

మరుసటి రోజు పొద్దున్నే పోయాను. ముసలమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది. కోడలు మాత్రం కూర్చోమని మంచం వాల్చి, ఆడబిడ్డ వెనకుందని కళ్ళతో చూపించింది. అన్న ఆ ఫోన్ వచ్చిన రోజు నుంచీ చెల్లెలితో మాట్లాడటం లేదని మెల్లగా చెప్పింది. ఈ పిల్ల వద్దందంటనే మాట బళ్ళారి దాకా పోయిందట. పౌర్ణమి దాటాక వాళ్ళ పెద్దలు వచ్చి తేల్చుకుంటామన్నారట. ఎందుకు వద్దందో ఎవరూ అడగలేదా అంటే, అడిగేదానికి ఆయన మాట్లాడితే కదా అంది.

ఆమె కొట్టంలో పేడ ఎత్తుతోంది. నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. తిడుతుందనుకున్నాను, తిట్టి ఉంటే తేలికగా ఉండేది. తప్పు నాదేనన్నాను. మీ అన్న నంబరు రాసుకోకుండా ఉండాల్సింది అన్నాను. ఆమె అదేమీ పట్టించుకోలేదు. మళ్ళీ ఆ ప్రశ్నే అడగడానికి వచ్చానని చెబితే మాత్రం మొహం మారింది. నా ట్యాబ్ వైపు చూసింది.

"ఏమని రాసుకుంటే పాప నా దగ్గరుంటాదో అది రాసుకో అక్కా. ఔనంటే ఉంటాదా, కాదంటే ఉంటాదా? నాకు తెలీదు. నీకు తెలిసుంటాది."

ఇది ఎవరూ చూసేది కాదమ్మా, వేలమంది జవాబులు కలిపి ఎక్కడో ఒక పటం గీస్తారు, అందులో నీ పేరు ఉండదు, దీనివల్ల ఏమీ జరగదు అని వివరించాను. అంతా విన్నది.

"ఏమీ జరగకపోతే, మాయన్న నాతో మాట్లాడేది ఎందుకు మానేసినాడక్కా?"

ఇన్నాళ్ళూ ఈ ట్యాబ్‌తో ఏమీ కాదనే ధైర్యంతోనే తిరిగాను. కొంచెం ఔను, కొంచెం కాదు, నొక్కెయ్, బస్సు పట్టుకో. నొక్కిన చోటల్లా ఏమీ కాకుండా ఉంటుందనుకోవడం నాకు సుఖంగా ఉండింది. చాలా సిగ్గనిపించింది.

మీ అన్నతో నేను మాట్లాడనా అన్నాను. నువ్వు ఒప్పుకుంటేనే, నాకు చెప్పింది నీ మాట అన్నాను. ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని లేచింది. రా పోదాం, నేనూ వస్తా అంది.

అన్న అప్పుడే పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నలభై దాటి ఉండవు, చూస్తే యాభై అనిపిస్తాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అరుస్తాడని సిద్ధపడి పోయాను గానీ అరవలేదు. నాలుగుసార్లు బళ్ళారికి తిరిగి కుదిర్చిన సంబంధమని, వాళ్ళ కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువని, అది దీని మంచికే గానీ ఇంట్లోంచి తోసెయ్యడానికి కాదని నాతో చెప్పాడు. చెల్లెలు పక్కనే ఉన్నా ఆమె వైపు చూడలేదు. చూస్తుంటే ఆయనకున్నది కోపం కాదు, మనసు నొచ్చింది. ఇంట్లో ఇంతమంది ఉండగా ముక్కూ మొహం తెలీని మీకు చెప్పిందంట, అది ఫోన్‌లో ఎవరో పరాయి పిల్ల నాకు చదివి వినిపించిందని అన్నాడు.

"మాకు చెప్పేదానికి నోరు రాలేదా దీనికి?" అని నన్నే అడిగాడు.

నేను మాట్లాడబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మీరు నన్ను యాడ అడిగినారన్నా? సంబంధం చూసినామన్నారు. బళ్ళారన్నారు. పాపను ఎప్పుడు పంపేదని వాళ్ళు కబురు చేస్తే, పౌర్ణమి అయినంక అన్నారు. నీకెట్లుండాది మేయ్ అని ఒకరన్నా అడిగినారా? ఈయమ్మ అడిగింది. చెప్పినా."

ముసలమ్మ లోపల్నుంచి గడప దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. కోడలు చేతిలో చేట పట్టుకుని అట్లే నిలబడింది. ఆయన చెల్లెలి వైపు చూశాడు. ఎన్ని రోజుల తర్వాతో మరి. మెడమీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుని మళ్ళీ కూర్చున్నాడు.

"సరే. ఇప్పుడడుగుతాండా. నీకెట్లుండాది?"

ఆమె చెప్పింది. కొట్టంలో నాకు చెప్పినంత కూడా పట్టలేదు, రెండు ముక్కల్లో అయిపోయింది. పాప వస్తే పోతా, రాకుంటే పోను. ముసలమ్మ గడపలోంచి, ఇదెక్కడి పద్ధతి, ఊళ్ళో ఎవరన్నా ఇట్ల చేసినారా అని సణిగింది. ఆయన తల్లికి చేత్తోనే ఆగమని చెప్పాడు. ఈ మాటే అడగాలంటే ముందు కళ్యాణదుర్గం పోవాలని, కొడుకు పోయిన ఇల్లు, వాడి గుర్తుగా ఉన్నది ఆ పిల్లొక్కటేనని, వాళ్ళ దుఃఖం వాళ్ళదని నాతోనో తనతోనో అనుకున్నాడు. ఆ తర్వాత బళ్ళారివాళ్ళు ఒప్పుకోవాలి. ఆయన మొహంలో అలసట కనిపించింది. మళ్ళీ బస్సులు, మళ్ళీ ఇంకొకరి అరుగు మీద కూర్చుని బతిమాలుకోవడం. ఆయనేమీ చెడ్డవాడు కాదు.

"అడుగుతా గానీ, ఇస్తారని చెప్పలేనమ్మా," అన్నాడు చివరికి.

"ఇయ్యకపోతే నేనీడే ఉంటా. నువ్వయితే అడుగు."

ఆయన తలూపాడు. కోడలు చేట కింద పెట్టి నీళ్ళు తేవడానికి లోపలికి పోయింది.

నా ఒళ్ళో ట్యాబ్‌లో పద్దెనిమిదో ప్రశ్న తెరిచే ఉంది. ఏదో ఒకటి నొక్కితే గానీ పంపనివ్వదు. ఐదేళ్ళలో ఆ ప్రశ్నకనే కాదు, ఏ ప్రశ్నకూ ఇంత తేటైన జవాబు నేను వినలేదు. నాలుగు గడులూ మళ్ళీ చదివాను, ఆ జవాబు పట్టేది ఒక్కటీ లేదు. వాటికింద సన్నటి అక్షరాల్లో ఇంకొకటి ఉంటుంది, దాన్ని వాడితే సూపర్‌వైజర్లు ఒప్పుకోరు, పని చేతకాలేదంటారు. 'జవాబు చెప్పడానికి నిరాకరించారు' అని. దానిమీద నొక్కి, ట్యాబ్ సంచిలో పెట్టుకున్నాను.